ఇనుప చువ్వ

మా నాన్న సమాధుల దొంగ.
దాచుకునే సంగతేం కాదు,
మా కొండ మీద సగం ఊరు ఆ తిండే తింది.
రెండు గజాల ఇనుప చువ్వ, పైన కర్ర పిడి.
అర్ధరాత్రి ద్రాక్షతోట గట్టున
నేలలోకి దింపి చెవి ఒగ్గేవాడు.
మట్టయితే మూగగా, రాయయితే కసురుతూ.
కింద గది ఉంటే మాత్రం
చువ్వ ఉన్నట్టుండి జారిపోయేది,
ఇంకో మెట్టుందనుకుని కాలు వేసినప్పటిలా.

ఎర్సీలియా బొన్‌ఫాంతి మా ఊరొచ్చిన ఏడు
నాకు పదకొండేళ్లు.
బొలోన్యా బస్సు దిగింది. రబ్బరు బూట్లు, ఒక అనుమతి కాగితం.
పోలీసుల దగ్గరికి పోలేదు,
తిన్నగా మా వంటింట్లోకొచ్చి కూర్చుని అడిగింది:
"ఓరెస్తె గారూ, మీ చువ్వకి ఏమీ తగలనిది ఎక్కడ?"

ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది.
నిధి ఎక్కడని అడిగినవాళ్లే అందరూ.
సమాధులు లేనిచోటే గదా మనుషులు బతికింది!
నాన్న వైన్ గ్లాసు పక్కకి జరిపి
బల్ల మీద తడివేలితో కొండ గీశాడు.

ఆ తడి ఆరిపోయిన చోట
ఆమె నలభై వేసవులు తవ్వింది.

మొదటేడు దొరికినవి పన్నెండు గుంటలు.
పసుపు రాతిలో నల్లటి చుక్కలు,
గుడిసె నిట్టాళ్లు కుళ్లి వదిలిన నలుపు.
"వీటిని అమ్మితే ఎంతొస్తుంది?" నాన్న నవ్వాడు.
ఆమె గుంట గుంటకీ మట్టిని చెంచాతో తీసి
సంచిలో పోసి, సంచికి పేరు రాసింది.
ఆ నవ్విన మనిషే
మూడో ఏట సంచులు మోశాడు,
అయిదో ఏట చెంచా పట్టాడు.

తొమ్మిదో ఏట కదురుబిళ్ల దొరికింది.
చింతగింజంత నలుపు, చుట్టూ గీతల్లో అక్షరాలు
కుడి నుంచి ఎడమకి.
ఆమె బిళ్లని తిప్పుతూ చదివింది: మి రామ్థాస్.
నేను రామ్థ దాన్ని.
"అప్పటి రోములో ఆడపిల్లకి ఇంటిపేరే పేరు,
అక్కకీ అదే, చెల్లికీ అదే.
ఇక్కడ చూడు, ఒక బిళ్ల తన యజమానిని పేరుపెట్టి చెబుతోంది."
ఆ సాయంత్రం మా అమ్మ
తన కుట్టుపెట్టె మూత లోపల పెన్సిల్‌తో ఏదో రాసుకుంది.
నేను అడగలేదు.

ఉద్యోగం అంటే రెండేళ్లకోసారి చేసే సంతకం.
నిధులు లేని ఏళ్లలో
రిమినిలో పర్యాటకులకి గొడుగులు అద్దెకిచ్చిందట,
ఎవరికీ చెప్పకు అంది, నేను చెబుతున్నాను.
పుస్తకానికి ఇరవయ్యారేళ్లు పట్టింది.
అందులో నూట పన్నెండో పేజీ:
ఈ పల్లెని రోము సైనికులు తగలబెట్టారు.

దమియానా అనే పిల్ల, ఆమె ఆఖరి విద్యార్థిని,
అదే బూడిదని మళ్లీ జల్లించింది.
బాణం ములుకు లేదు, ఎముక లేదు.
గడప దగ్గర వరసగా బోర్లించిన కప్పులు.
గుమ్మానికి బయటి నుంచి పేర్చిన రాళ్లు.
పోతూపోతూ వాళ్లే కాల్చుకున్నారు,
ఇల్లు సర్దుకుని దీపం ఆర్పినట్టు.

వితెర్బో సభలో ఆ పిల్ల గొంతు వణికింది.
ముందు వరసలోంచి ఎర్సీలియా లేచింది.
"రోము మీద చాలా నేరాలున్నాయి.
ఇదొక్కటి నేను మోపింది. కొట్టేయండి."
కూర్చుంది. సంచిలోంచి వేయించిన చెస్ట్‌నట్ ఒకటి తీసి
ఒలుచుకుంది.

నాన్న పోయినప్పుడు తవ్వకంలోంచి అలాగే వచ్చింది.
బూట్ల మట్టి చర్చిలో పడితే పాదిరి చూశాడు.
నాన్న అయితే ఆ మట్టి ఏ పొరదో చెప్పేవాడు.

ఇప్పుడు గిడ్డంగి తాళాలు నా దగ్గర.
నాలుగు వేల పెట్టెలు.
పదవి దిగిన రోజు ఆమె జాబితా ఒప్పజెప్పి
సంతకం పెట్టించుకుని, బస్సెక్కింది.
రాత్రి సరిచూస్తుంటే చివర ఒక అంకె ఎక్కువొచ్చింది.
పైఅరలో, పాత గోనెలో చుట్టి, చువ్వ.
అమ్మేశాడనుకున్నాం.
మెడకి దారంతో చీటీ, ఆమె సన్నని రాత:

ఇనుము, కర్ర. ఇరవయ్యో శతాబ్దం.
దొరికిన చోటు: వంటిల్లు.
నేను ఓరెస్తె దాన్ని.